ఉంగరం లేని కళ్ళు

మార్చి 9

పెట్టింది. మా ముదురురంగు ఆడది తొట్టెలో ఉన్న ప్రతి నాచుకొమ్మకీ గుడ్లు అంటించేసి, తనకేమీ తెలియనట్టు మూలన కూర్చుని నవ్వుతోంది. అది ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుందనుకోండి. ఎవర్ని అనుకోమంటున్నాను? ఈ డైరీకి నేను తప్ప వేరే పాఠకుడు లేడు. జీవితమంతా నలుగురినీ కూర్చోబెట్టి కథలు చెప్పిన నోరు, చివరికి చేతికి కూడా తన జబ్బు అంటించింది.

ఆక్సలాటల్ అన్న పేరు అక్క నోటికి తిరగదు. 'నవ్వుమొహాలు' అంటుంది. నీళ్ళలో పుట్టి, నీళ్ళలోనే ముసలివై, చచ్చేదాకా పసిమొహంతోనే తిరిగే నాలుగుకాళ్ళ జీవులు. మెడకి అటూ ఇటూ కుచ్చుల్లాంటి మొప్పలు. కాలు తెగితే కాలు మొలుస్తుంది. పెట్టి పుట్టాయి.

ఈసారి నా దృష్టంతా వాటి కళ్ళ మీదే. ముదురురంగు వాటిలో రెండు రకాలు. ఒక రకానికి కంటిపాప చుట్టూ సన్నటి బంగారు ఉంగరం మెరుస్తుంది. రెండో రకానికి ఆ ఉంగరం ఉండదు, ఒళ్ళు కూడా మెరుపు లేకుండా బొగ్గులా ఉంటుంది. పుస్తకంలో వాటిని మెలనాయిడ్ అన్నారు, మా ఇంట్లో బోసికళ్ళవి. ఈ బోసికన్ను గుణం మహా మొహమాటస్తుడైన చుట్టంలాంటిది. ఒంటరిగా వస్తే నోరెత్తదు, ఇంట్లో ఉన్నట్టే తెలియదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి జంటగా వస్తేనే బయటపడుతుంది. మా జంటలో రెండింటికీ ఉంగరాలున్నాయి. కానీ రెండింటి లోపలా ఆ చుట్టం దాక్కుని ఉన్నాడని చేపలదుకాణం ఆయన ఒట్టేసి చెప్పాడు. అదే నిజమైతే నలుగురు పిల్లల్లో ఒకరు బోసికళ్ళతో పుట్టాలి.

చూద్దాం.

మార్చి 14

ఈ వయసులో మీకు జన్యుశాస్త్రం దేనికండీ అని దుకాణం ఆయన నవ్వాడు. నేను బడికి వెళ్ళింది అయిదో తరగతి దాకా. ఆ తర్వాత చదివినదంతా అచ్చాపీసులోనే, సీసం అక్షరాలు కూర్చుతూ, తలకిందులుగా. వైద్యం, వ్యాకరణం, తేనెటీగల పెంపకం, ఏది అచ్చుకొస్తే అది. ఒక్కో పుస్తకాన్ని నలుగురం పంచుకుని కూర్చేవాళ్ళం కనక ఏ విషయమైనా నాకు పావువంతే తెలుసు. మిగతా ముప్పావూ ధైర్యం.

అక్క బట్టలు కుట్టేది. ఇంట్లో గుడ్డ చూసుకుని, ఉత్త చేతులతో బజారుకి వెళ్ళి, సరిగ్గా ఆ రంగు దారమే తెచ్చేది. గుడ్డ ముక్క వెంట తీసుకెళ్ళడం చేతకానివాళ్ళ పని అనేది. అందుకే మా ఇంట్లో పని పంపకం అలా కుదిరింది. నీళ్ళు, చల్లదనం, లెక్కలు, సిద్ధాంతాలు నావి. రంగు చెప్పడం ఆవిడది. ఇద్దరం ఒంటరివాళ్ళం, ఇద్దరికీ ఎవరి రాజ్యం వాళ్ళకుండాలి.

కిందటేడు కుట్టుమిషన్ ఎవరికో ఇచ్చేసింది. విసుగొచ్చిందట.

కళ్ళజోడు మార్చుకోవాలని ఇవాళ అంది. గుడ్లు పిల్లలయ్యాక వెళ్దామన్నాను. నీళ్ళు రోజూ మార్చాలి, వదిలేసి వెళ్తే ఎలా?

మార్చి 27

పిల్లలు. నీళ్ళ నిండా కామాలు చల్లినట్టున్నాయి.

ఏప్రిల్ 11

పిల్లలకి ఇప్పుడిప్పుడే కాళ్ళొస్తున్నాయి. వచ్చిన కాళ్ళని పక్కవాడు తినేస్తున్నాడు. ఏ గిన్నెలో చూసినా ఒకడికి కాలు లేదు, ఏ మొహంలో చూసినా అమాయకపు నవ్వే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. విడదీసి చిన్న గిన్నెల్లో వేశాం.

మేత వెయ్యడం అక్క పని. ఇవాళ సగం మేత గిన్నె పక్కన పోసింది.

"ఎవరికి పెడుతున్నావక్కా, బల్లకా?" అన్నాను.

"ఏం, బల్లకి మాత్రం ఆకలుండదా?" అంది.

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఏప్రిల్ 30

అక్క తలుపు అంచుకి భుజం కొట్టుకుంది. మళ్ళీ. ఈ ఇంటి గుమ్మాలు ఇరుకు. కట్టినవాడెవడో సన్నటివాడై ఉంటాడు.

మే 18

నవ్వుమొహాలకి రెప్పల్లేవు, వెలుతురు పడదు. అందుకే వాటి గది కిటికీకి దళసరి గుడ్డ కట్టాను. అక్క ఇవాళ చదువుకునే దీపం తెచ్చి తొట్టె అంచున పెట్టింది. కాస్త పెద్దవయ్యాయని మళ్ళీ తొట్టెలోకి మార్చిన పిల్లలన్నీ దాక్కునే గొట్టంలోకి దూరిపోయాయి.

"దీపం తియ్యక్కా, వాటికి బాధ."

"రంగు చెప్పమంటావు, దీపం వద్దంటావు. చీకట్లో ఏం చెప్పనురా?"

"ఇది చీకటా? నాకు శుభ్రంగా కనిపిస్తోందిగా."

"నీకేం నాయనా, మహానుభావుడివి."

దీపం నేనే తీసేశాను. ఆవిడ ఒక్కొక్క పిల్లనీ గాజుగ్లాసులోకి తీసుకుని, మొహానికి ఆనించుకుని, మెడ అటూ ఇటూ తిప్పుతూ చూసింది. ఎంత శ్రద్ధ! కంసాలి కూడా ముత్యాన్ని అంత దగ్గరగా చూడడు. నాకే అంత ఓపిక ఉంటే ఈపాటికి ఏ విశ్వవిద్యాలయం గేటు దగ్గరో నా విగ్రహం ఉండేది.

మళ్ళీ కళ్ళజోడు మాట ఎత్తింది. రంగులు వేరు చెయ్యడం అయ్యాక అన్నాను.

మే 26

ఇవాళ పెద్ద విశేషం. మంచి విశేషమే.

అక్క మొత్తం పిల్లల్ని రెండు తొట్టెల్లోకి వేరు చేసింది. ఉంగరాలవి ఇటు, బోసికళ్ళవి అటు. లెక్కపెట్టాను. పావువంతు ఉండాల్సిన బోసికళ్ళవి దాదాపు సగం ఉన్నాయి!

సగం రావాలంటే తల్లిదండ్రుల్లో ఒకటి పూర్తి బోసికళ్ళదై ఉండాలి. వెళ్ళి పెద్దవాటిని చూశాను. రెండింటి కళ్ళలోనూ ఉంగరాలు, పెళ్ళికూతురి వేలికున్నంత స్పష్టంగా. కనక దుకాణం ఆయన మోసం చెయ్యలేదు. కనక పుస్తకమే తప్పు.

పుస్తకంలో తప్పుంటుందా అని ఎవరైనా అడిగితే నా దగ్గరికి పంపండి. ఒకసారి మా అచ్చాపీసులో జ్వరాల పుస్తకం, తోటపని పుస్తకం ఒకే వారంలో కూర్చాం. ఎక్కడ చెయ్యి మారిందో, జ్వరాల పుస్తకంలో ఒక పేజీ నిండా గులాబీలకి ఎరువు వెయ్యడం ఎలాగో వచ్చింది. మూడు ముద్రణలు అమ్ముడుపోయింది. ఒక్కడంటే ఒక్కడు ఉత్తరం రాయలేదు. వాళ్ళలో ఎంతమంది పేడ మింగారో దేవుడికే తెలియాలి. అచ్చులో ఉన్నది సత్యం అనేవాడు అచ్చాపీసు గడప తొక్కనివాడు.

అంటే ఇందులో పుస్తకానికి తెలియని మూడో శక్తి ఏదో ఉండాలి. మొహమాటపు చుట్టాన్ని చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి లాక్కొచ్చే ఇంకో చుట్టం. దానికో పేరు పెట్టాలి.

వేరు చేసినవాళ్ళు పొరబడి ఉండొచ్చన్న సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. అది నేను లెక్కలోకి తీసుకోలేదు. అక్క రంగు చెప్పాక ఇక దానికి అప్పీలు లేదు.

జూన్ 2

దుకాణం ఆయనకి బోసికళ్ళవి కొన్ని ఇచ్చి, నా సిద్ధాంతం చెప్పాను. ఎండ్రకాయలకి మేత వేస్తూ విన్నాడు.

"సగమా? పెద్దాయనా, పిల్లల్ని మీరు చూశారా?"

"అక్క చూసింది."

"అక్కగారు చూశారు సరే. మీరు చూశారా అంటున్నాను."

"ఆవిడ చూశాక నేనెందుకూ?"

"ఏమో, ఒకసారి టార్చి వేసి చూస్తే పోయేదేముంది?"

"ఇదుగో, రంగుల విషయంలో మా అక్కని అనుమానించినవాడు ఇంతవరకు పుట్టలేదు."

"పుట్టానండీ, ఇదుగో, మీ ఎదురుగానే ఉన్నాను."

లేచి వచ్చేశాను. వాడి ఎండ్రకాయలు వాడూనూ.

ఇంటికొచ్చి, తన తరఫున ఎలా పోట్లాడానో అక్కకి మొత్తం అభినయించి చూపించాను. సంతోషిస్తుందనుకున్నాను. బఠాణీలు ఒలుస్తున్న చెయ్యి ఆపింది.

"వాడన్నది నిజమేనేమోరా. ఒకసారి నువ్వూ చూడరాదూ?"

వినయం! గొప్ప పనివాళ్ళందరికీ ఇదే రోగం. నాకు లేదు కనక గుర్తుపట్టగలను.

జూన్ 13

కళ్ళజోడు. సిద్ధాంతం తేలనీ అన్నాను.

జూన్ 19

మూడో చుట్టానికి పేరు ఇంకా కుదరలేదు. పొద్దుటి నుంచి అదే ఆలోచన. అక్క కాఫీ ఇస్తే కప్పు నా చేతికీ బల్లకీ మధ్య గాలిలో వదిలేసింది. నేనే సరిగ్గా పట్టుకోలేదు.

జూన్ 24

ఇవాళ జరిగింది రాయకపోయినా మర్చిపోను. అయినా రాస్తాను.

దుకాణం ఆయన కబురు పంపితే ఇద్దరం వెళ్ళాం. లోపల ఒక టీచరమ్మ నిలబడి ఉంది, చేతిలో మూతపెట్టిన సీసా. ముందుసారి ఇచ్చిన పిల్లల్లో ఒకటి ఆవిడే కొనుక్కుందట.

"బోసికన్నుది అని ఇచ్చారండీ. పిల్లలకి పాఠం చెబుదామని బళ్ళోకి తీసుకెళ్ళాను. వాళ్ళే పట్టుకున్నారు. దీనికి ఉంగరం ఉంది కదా" అంది.

దుకాణం ఆయన టార్చి వేశాడు. ఉంగరం ఉంది. దుకాణం తొట్టెలో మిగిలినవి తీశాడు. ఇంకోదానికీ ఉంది. ఇంకోదానికీ.

నా సిద్ధాంతం అక్కడే, ఆ టార్చి వెలుగులోనే చచ్చిపోయింది. చచ్చినదాన్ని మోసుకుని మర్యాదగా ఇంటికి రావచ్చు. నేను అక్క వైపు తిరిగాను.

"కళ్ళు ఎక్కడ పెట్టుకుని చూశావక్కా? ఇంత స్పష్టంగా ఉంటే! చిన్నపిల్లలకి కనిపించింది, నీకు కనిపించలేదా? చేతగాకపోతే చేతగాదని చెప్పి మానెయ్యాల్సింది, నా పరువు తియ్యడం దేనికి?"

నాకు గుర్తున్నంతవరకు ఇది. ఇంకొంచెం ఎక్కువే అన్నాను. గుడ్డి కన్నా మెల్ల నయం అన్న సామెత కూడా వాడాను.

టీచరమ్మ సీసా వైపు చూస్తూ నిలబడింది. దుకాణం ఆయన, "పోనీలెండి పెద్దాయనా, పోనీలెండి" అంటున్నాడు. అక్క గల్లాబల్ల అంచు వెతికి పట్టుకుంది.

"పొరబాటైంది బాబూ. నావల్లే" అంది వాడితో. నాతో కాదు.

దారిలో నా వెనకాలే నడిచింది. నా సంచీ పట్టీ కొస రెండు వేళ్ళతో పట్టుకుని. బతిమాలుతోందనుకున్నాను. బెట్టుగా ఇంకాస్త వేగంగా నడిచాను.

జూన్ 28

మాటల్లేవు.

జూలై 1

తొట్టెల గదిలోకి అక్క రావడం మానేసింది. మంచిదే. పిల్లల్ని నేనే మళ్ళీ వేరు చేస్తున్నాను.

జూలై 3

తప్పు చేసినప్పుడు తప్పని చెప్పకూడదా? మా ఫోర్మన్ నన్ను అందరిముందూ అంతకన్నా ఎక్కువే అనేవాడు. నేనెప్పుడైనా అలిగానా? మొదటి ఉద్యోగంలో అలిగాను. అది వేరు.

జూలై 6

పొద్దున్న మూడో తొట్టె కడగాలని అందులోని పిల్లల్ని తీసి బకెట్లోకి మార్చాను. నీళ్ళు ఇంకా తోడలేదు. వానపాములు తరిగిన గిన్నె అక్కడే పెట్టి, గుడ్డ కోసం పెరట్లోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అక్క లోపలుంది. వారం తర్వాత వచ్చింది. నేను గుమ్మంలోనే ఆగాను.

మూడో తొట్టె ముందు నిలబడి, ముక్క తర్వాత ముక్క నీళ్ళలో వేస్తోంది.

"ఏం, మీకూ కోపమేనా నామీద? వాడికైతే సిద్ధాంతం పోయింది. మీకేం పోయిందర్రా? రండి. ఒసే నల్లదానా, నువ్వు కూడానా?"

ముక్కలన్నీ అడుగుకి దిగి అక్కడే పడి ఉన్నాయి. అక్క ఇంకో ముక్క తీసింది. వంగి, నీళ్ళకి చెవి పెట్టినట్టుగా వంగి, వేసింది.

"అదీ, అలా తినాలి" అంది.

ఆ తొట్టెలో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

నేను ఆవిడకి రెండడుగుల దూరం దాకా వచ్చి, పక్కగా నిలబడి ఉన్నాను. గుడ్డ నా చేతిలో నీళ్ళు కారుతోంది. ఆవిడ తల తిప్పలేదు. ఎంతసేపటికో, "అక్కా" అన్నాను. ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చావురా?"

"ఇప్పుడే."

"ఇవాళ ఇవి సరిగ్గా తినట్లేదు."

"వేడి చేసిందేమో" అన్నాను. 

బల్ల మీద పోసిన మేత. తలుపు అంచు. కాఫీ కప్పు. దీపం. సంచీ పట్టీ. ఇవన్నీ నేను చూశాను. ఒక్కటి కూడా వదల్లేదు.

జూలై 9

కళ్ళ ఆసుపత్రి.

గిన్నె బోర్లించినట్టున్న తెల్లటి యంత్రంలో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. లోపల అక్కడో చుక్క, ఇక్కడో చుక్క వెలుగుతుందట. కనిపించినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి. నేను తలుపు దగ్గర కుర్చీలో ఉన్నాను. టక్ అని వినిపించింది. ఇంకోసారి టక్. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. యంత్రం చెడిపోయిందనుకున్నాను. పక్కనున్న నర్సు ముఖం చూస్తే చెడిపోయినట్టు లేదు.

"ఇంకా మొదలుపెట్టలేదామ్మా?" అని అడిగింది అక్క.

"అవుతోందమ్మా. సగం అయింది" అంది నర్సు.

డాక్టరు చిన్నవాడు, నెమ్మదస్తుడు. నీటికాసులు అన్నాడు. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం ఎండుతుంది. నొప్పి ఉండదు. చూపు పక్కల నుంచి తినుకుంటూ వస్తుంది, మసకలో ముదురు మీద ముదురు అసలు తేలదు. మనిషి మెడ తిప్పుకుంటూ సర్దుకుపోతాడు కనక ఇంట్లోవాళ్ళకి తెలియదు.

"తెలియదా?" అని అడిగాను, ఆశగా.

"జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది" అన్నాడు.

పోయిన చూపు రాదు. ఉన్న కాస్తా నిలబెట్టడానికి చుక్కలమందు, అవసరమైతే ఆపరేషను. వేసవికి ముందు తెచ్చి ఉంటే ఇంకాస్త మిగిలేదట. ఆ మాట నన్ను నొప్పించాలని అనలేదు. అడిగితే చెప్పాడు. నేనే అడిగాను.

మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా ఉండేదా అన్నాడు. అమ్మ చివరి రోజుల్లో గోడ తడుముకుంటూ నడిచేది. ముసలితనం అనుకున్నాం. నా లెక్కలు నోటి చివరిదాకా వచ్చాయి. ఇది మొహమాటపు చుట్టమా, పావువంతా, సగమా అని అడిగాను. అంత తేలిగ్గా లెక్కకి దొరకదండీ అన్నాడు. కానీ తోబుట్టువులకి వచ్చే అవకాశం ఎక్కువ, మీరూ చూపించుకోండి అన్నాడు.

ఇంటికొచ్చాక అడిగాను.

"ఎప్పటినుంచి?"

"మిషన్ ఇచ్చేసినప్పటి నుంచి. సూదిలో దారం ఎక్కడం మానేసింది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పానుగా, కళ్ళజోడు మార్చుకోవాలని."

"కళ్ళజోడంటే కళ్ళజోడే అనుకున్నాను."

"నేనూ అంతే అనుకుందామని చూశానురా" అంది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "గట్టిగా చెబితే రంగులు చూసే పని కూడా లాక్కుంటావని భయం. అదీ పోతే పొద్దస్తమానం నేనేం చెయ్యను, నీ కథలు వినడం తప్ప?" అంది.

నవ్వించడానికి అంది. నవ్వాను.

జూలై 10

గుడ్లు పిల్లలయ్యాక. రంగులు వేరు చేశాక. సిద్ధాంతం తేలాక.

జూలై 12

దుకాణంలో అన్న మాటలకి క్షమించమని అడగాలని పొద్దున్న గొంతు సవరించుకున్నాను. ఎందుకో అచ్చాపీసు పిల్లి కథ మొదలుపెట్టాను. అక్కకి ఆ కథ నోటికొచ్చు. చివరిదాకా విని, నవ్వాల్సిన చోట నవ్వింది.

జూలై 22

పిల్లల్ని వేరు చెయ్యడం అయింది. టార్చి వేసి, వాటికి బాధే అయినా, ఒక్కొక్కదాన్నీ రెండేసిసార్లు చూశాను. బోసికళ్ళవి నలుగురిలో ఒకరు, అటూ ఇటూగా. పుస్తకం తప్పు కాదు.

ఒకటి మాత్రం రాయాలి. ఉంగరాలవని అక్క ఇటు తొట్టెలో వేసినవాటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా పొరబాటు లేదు. మెరుపు కనిపిస్తే ఉంగరమంది. కనిపించనప్పుడు బోసి అంది. అబద్ధమేదీ ఆడలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. దాన్ని వినాల్సినవాడు పేర్లు వెతుక్కుంటున్నాడు.

దుకాణం ఆయన దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి లేచి స్టూలు వేశాడు. ఎండ్రకాయల క్షేమం కూడా అడిగాను, అంత దిగజారాను. అక్క సంగతి చెప్పేసరికి చేతిలో మేత డబ్బా కింద పెట్టేశాడు.

"పక్కనుంచి నమస్కారం పెడితే ఆవిడ పలకడం మానేసి చాలా రోజులైందండీ. ఏదో కోపం వచ్చిందేమో అనుకున్నాను. అడిగితే బాగుండదని ఊరుకున్నాను" అన్నాడు.

తిలా పాపం తలా పిడికెడు. కానీ వాడిది పిడికెడే.

ఆగస్టు 3

చుక్కలమందు వెయ్యడం నా పని. తల వెనక్కి వాల్చి కళ్ళు తెరిచి కూర్చుంటుంది, నేను పైనుంచి చూస్తాను. ఇన్నేళ్ళలో అక్క కళ్ళలోకి ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. తేనెరంగు. ఇది కూడా ఇప్పుడే తెలిసింది. నవ్వుమొహాల కళ్ళ మీద ఒక కాగితాల కట్ట నింపాను.

"చూసింది చాల్లే, వెయ్యి" అంది.

ఆగస్టు 11

"నువ్వెప్పుడు చూపించుకుంటావు?" అంది.

"ఈ విడత పిల్లలన్నీ దుకాణానికి వెళ్ళిపోయాక" అన్నాను.

అన్నాక మాకిద్దరికీ వినిపించింది. 

ఆగస్టు 19

సాయంత్రం వీధిదీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి. దుమ్మై ఉంటుంది.

ఆగస్టు 20

నా కళ్ళజోడు అద్దాలు తుడిచాను. వలయాలు లేవు. అయితే దుమ్మే. అయినా వెళ్ళాలి. భయంగా ఉంది. ఆవిడ ఈ భయాన్ని ఒంటరిగా, కిందటేడు నుంచి, నా పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తూ మోసింది.

సెప్టెంబర్ 2

వెళ్ళాను. వెళ్ళానంటే, అక్క తీసుకెళ్ళింది. నా మోచెయ్యి ఆవిడ పట్టుకుంది కనక చూసేవాళ్ళకి నేనే తీసుకెళ్తున్నట్టుంటుంది.

ఆ తెల్ల గిన్నెలో గడ్డం పెట్టి కూర్చున్నాను. చుక్కలు ఎక్కడ వెలిగితే అక్కడల్లా కనిపించాయి. పైన, కింద, పక్కల, అంచుల దగ్గర. నొక్కుతూనే ఉన్నాను. ఒక దశలో ఇక నొక్కకుండా ఉందామనిపించింది. అలాంటి వెధవబుద్ధి ఎందుకు పుట్టిందో రాయడానికి ఇక్కడ కూడా సిగ్గుగా ఉంది.

"మీ కళ్ళు చక్కగా ఉన్నాయి. ఈ వయసుకి ఇంత శుభ్రమైన నరం అరుదు" అన్నాడు డాక్టరు.

"సరిగ్గా చూశారా?"

"రెండు కళ్ళూ చూశాను."

"అదే తల్లి, అదే తండ్రి కదండీ."

"అందరికీ రావాలని లేదు కదా. మీ అదృష్టం" అన్నాడు.

కొద్దిగా ఉన్నా బావుండేది. ఒక పక్కన కాస్త మసక, ఒక మూల చిన్న మచ్చ. నాకూ ఆనలేదని చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. ఏమీ దొరకలేదు. నా కళ్ళకి ఏ జబ్బూ లేదని కళ్ళ డాక్టరు స్వయంగా చెప్పాడు.

బయట బల్ల మీద అక్క కూర్చుని ఉంది. నా అడుగు విని లేచి చెయ్యి చాపింది, నేనున్న వైపు కాదు. నేనే అటు తిరిగి వెళ్ళి ఆ చేతికి అందాను.

"ఏమన్నాడు?"

"ఏమీ లేదట."

"నిజం చెప్పు."

"నిజమే అక్కా. చక్కగా ఉన్నాయట."

నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. బొటనవేళ్ళతో నా రెప్పలు తడిమింది, ఉన్నాయో లేదో చూసుకున్నట్టు.

"హమ్మయ్య. అయితే నీకు అన్నీ బాగానే కనిపిస్తున్నాయన్నమాట" అంది.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఆవిడ మొహంలో వెతికాను, గొంతులో వెతికాను. ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి, నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. సంతోషం తప్ప ఏమీ లేదు.

"కనిపిస్తున్నాయి" అన్నాను.